శాలువా కప్పిన మర్నాడు

1883లో కలకత్తా బీడన్ వీధిలో ఒక కొత్త నాటకశాల లేచింది. డబ్బు పెట్టింది గుర్ముఖ్ రాయ్ అనే కుర్ర వ్యాపారి. ఆ డబ్బు రావడానికి కారణం వినోదినీ దాసి అనే నటి. ఆమెకు అప్పటికి ఇరవయ్యేళ్లు. గుర్ముఖ్ రాయ్ మనసు నాటకం మీద కన్నా ఆమె మీదే ఎక్కువ. తన దగ్గర ఉండిపోతే 50 వేల రూపాయలు ఇస్తానన్నాడు. ఆ సొమ్ము తనకొద్దని, నాటకశాల కట్టించమని వినోదిని అడిగింది. సొంత గూడు లేక తిరుగుతున్న తోటి నటులందరి కోసం ఆమె ఆ మాట అంది. కొత్త థియేటర్‌కు నీ పేరే పెడతాం, పేరులోని మొదటి అక్షరంతో 'బి థియేటర్' అని పిలుస్తాం అని తోటివాళ్లు మాటిచ్చారు. రిజిస్ట్రేషన్ అయ్యాక చూస్తే పేరు 'స్టార్ థియేటర్'. వేశ్యల ఇంట పుట్టిన ఆడమనిషి పేరు బోర్డు మీద కనిపిస్తే పెద్దమనుషులు రారని వాళ్ల భయం. నాలుగేళ్లు తిరక్కుండానే వినోదిని రంగస్థలం వదిలేసింది. ఆ తర్వాత యాభయ్యేళ్లకు పైగా బతికింది, మళ్లీ వేదిక ఎక్కలేదు. తన కథ తానే రాసిపెట్టి వెళ్లింది కాబట్టి ఇవాళ మనకు ఇదంతా తెలుసు. 2024 చివర్లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం కలకత్తాలోని స్టార్ థియేటర్‌కు వినోదిని పేరు పెడుతున్నట్టు ప్రకటించింది. ఇచ్చిన మాట చెల్లడానికి 141 ఏళ్లు పట్టింది.

నాటకశాల నిలబడాలంటే ఎవరెవరు కావాలో ఆ కథలోనే ఉంది. నటించేవాళ్లు కావాలి, డబ్బిచ్చేవాళ్లు కావాలి. ఇద్దరిలో ఎవరికి ఏ గౌరవం దక్కుతుంది, ఆ గౌరవానికి బదులుగా ఏం అడుగుతారు అన్న దగ్గరే నాటకాల చరిత్రలో సగం సుఖమూ, సగం దుఃఖమూ ఉన్నాయి. ఈ ఇద్దరినీ ఒకే సాయంత్రం, ఒకే వేదిక మీద కూర్చోబెట్టి గౌరవించి, ఆ గౌరవాన్నే నాటక సమాజానికి ఏడాది తిండిగా మార్చుకునే పద్ధతి ఒకటి అమెరికాలో స్థిరపడింది. దాన్ని అక్కడ గాలా అంటారు. పేరులో ఉన్న హంగు చూసి డబ్బున్నవాళ్ల విందు అని తీసిపారేయకుండా, దాని లోపలి లెక్క తెలుసుకోవడం మనకు అవసరం. ఎందుకంటే సన్మానాల విషయంలో తెలుగువాళ్లం ఎవరికీ తీసిపోం. అయినా మన నాటక సమాజాలు ఒక్కొక్కటిగా తెర దించుకుంటున్నాయి.

గడ్డి మీద మొదలైన గొడవ

న్యూయార్క్ నగరం మధ్యలో ఉన్న సెంట్రల్ పార్కులో వేసవి వస్తే చాలు, ఉచితంగా షేక్‌స్పియర్ నాటకాలు ఆడతారు. వాటిని ఆడేది జోసెఫ్ పాప్ అనే దర్శకుడు 1954లో ప్రారంభించిన సమాజం. ఇప్పుడు పబ్లిక్ థియేటర్ పేరుతో నడుస్తోంది. నాటకం గ్రంథాలయం లాంటిది, అందులోకి రావడానికి ఎవరూ డబ్బు కట్టనక్కర్లేదు అన్నది పాప్ పట్టుదల. 1959లో పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ అడ్డుపడ్డాడు. జనం తొక్కిడికి గడ్డి పాడవుతోంది, దాని ఖర్చు కోసం టికెట్ పెట్టాల్సిందే అన్నాడు. ఆ నగరంలో మోజెస్ మాటకు ఎదురు చెప్పి నెగ్గినవాళ్లు తక్కువ. పాప్ కోర్టుకెళ్లి గెలిచాడు.

గెలిస్తే గెలిచాడు, నాటకానికి డబ్బెక్కణ్ణుంచి వస్తుంది? టికెట్ లేదు కదా. అప్పుడు ముందుకొచ్చినవాడు జార్జ్ డెలకోర్ట్. డెల్ పబ్లిషింగ్ అధినేత. చవక కాగితం మీద కథల పత్రికలు, కామిక్స్, పదకేళీల పుస్తకాలు అచ్చేసి సంపాదించిన మనిషి. ఆయన విరాళం, నగరం ఇచ్చిన సొమ్ము కలిసి పార్కులోనే చెరువు పక్కన సుమారు 1,800 మంది కూర్చునే బహిరంగ రంగశాల తయారైంది. 1962లో 'ది మర్చంట్ ఆఫ్ వెనిస్'తో తెర లేచింది. షైలాక్‌గా జార్జ్ సి. స్కాట్. మొరాకో రాకుమారుడిగా అప్పటికి ఇంకా పెద్ద పేరు రాని నల్లజాతి నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్. తర్వాతి కాలంలో ప్రపంచమంతా గుర్తుపట్టిన ఆ గొంతు అప్పుడు ఆ చెట్ల మధ్య వినిపించింది. రంగశాల పేరు ఇవాళ్టికీ డెలకోర్ట్ థియేటరే. ఇటీవల 8 కోట్ల 50 లక్షల డాలర్ల ఖర్చుతో దాన్ని బాగుచేసి, 2025 ఆగస్టులో 'ట్వెల్ఫ్త్ నైట్'తో మళ్లీ తెరిచారు. ఇప్పటికీ టికెట్ ఉచితమే.

ఒక దాత ఒకసారి ఇచ్చిన డబ్బుతో గోడలు లేస్తాయి. ఏటా నటులకు జీతాలు, దీపాలు, దుస్తులు, వడ్రంగుల కూలి ఎవరిస్తారు? పాప్‌కు కొంతకాలం ఒక అదృష్టం కలిసొచ్చింది. 1975లో పబ్లిక్ థియేటర్‌లో పుట్టిన 'ఎ కోరస్ లైన్' అనే సంగీత నాటకం బ్రాడ్‌వేకి వెళ్లి 15 ఏళ్లు ఆడింది. ఆ లాభాలు మిగతా నాటకాలను మోశాయి. అలాంటి నాటకం ఏ సమాజానికైనా తరానికొకటి దొరికితే గొప్ప. మిగిలిన ఏళ్లలో చేయి చాచక తప్పదు. ఆ చేయి చాచడాన్ని ఒక పండగలా మలచుకున్నదే గాలా అనే ఈ వార్షిక సాయంత్రం.

బల్లలు ఎలా అమ్ముడవుతాయి

సమాజం ఏటా ఒక తేదీ పెట్టుకుంటుంది. ఇద్దరిని ఎంచుకుంటుంది. ఒకరు నటుడో నటో. తరచుగా అదే వేదిక మీద చిన్న వేషాలతో మొదలై, సినిమాల్లో పెద్ద పేరు తెచ్చుకుని, పాత గూటిని మరిచిపోనివారు. రెండోవారు దాత. ఏళ్ల తరబడి నాటకాలకో, చదువులకో, ఆస్పత్రులకో ఇస్తూ వచ్చినవారు. నటుడు వస్తే పత్రికలు వస్తాయి, తోటి కళాకారులు వచ్చి ఆ రాత్రికి ఉచితంగా పాడతారు, ఒక సన్నివేశం నటిస్తారు. దాత వస్తే ఆయన స్నేహితులు, వ్యాపార భాగస్వాములు, ఆయన కంపెనీతో పనిపడే బ్యాంకులూ న్యాయవాదులూ వస్తారు. వాళ్లు ఒక్కో టికెట్ కొనరు. బల్లకు బల్లే కొంటారు. పది మంది కూర్చునే బల్ల పెద్ద నగరాల్లో వేల డాలర్లు, పేరున్న సమాజాలైతే పదుల వేల డాలర్లు పలుకుతుంది. భోజనం మధ్యలో వేలం ఉంటుంది. ఆ తర్వాత నేరుగా విరాళాలు అడుగుతారు. పెద్ద మొత్తంతో మొదలుపెట్టి కిందికి దిగుతూ, ఒక్కో మొత్తం దగ్గర ఎవరెవరు చేయెత్తుతారో చూసి నంబర్లు రాసుకుంటారు.

అక్కడి పన్ను చట్టంలో నాకు నచ్చిన నిజాయతీ ఒకటుంది. కొన్న టికెట్ మొత్తానికీ మినహాయింపు రాదు. అందులో నువ్వు తిన్న భోజనం విలువ ఎంతో సమాజం లెక్కగట్టి చెప్పాలి. అది తీసేయగా మిగిలినదే దానం. తిన్నది వేరు, ఇచ్చింది వేరు.

ఇంత హడావుడి లేకుండా టికెట్ ధర పెంచుకోవచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. ఈ ప్రశ్నకు 1966లోనే విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సమాధానం చెప్పారు. ఫ్యాక్టరీలో యంత్రం మారితే అదే కూలీ గంటకు పదింతలు సరుకు తీస్తాడు, జీతం పెరిగినా సరుకు ధర పెరగదు. నాటకంలో ఆ వెసులుబాటు లేదు. నాలుగు వందల ఏళ్ల కిందట హామ్లెట్ ఆడడానికి ఎందరు మనుషులు, ఎన్ని గంటలు కావలసి వచ్చాయో ఇప్పుడూ ఇంచుమించు అంతే కావాలి. చుట్టూ ఉన్న లోకంలో జీతాలు పెరిగేకొద్దీ నాటకం ఖర్చు పెరుగుతూనే ఉంటుంది, చేతికొచ్చే సరుకు మాత్రం అంతే. ఆ ఖర్చంతా టికెట్ మీద వేస్తే చూసేవాళ్లు సంపన్నులే మిగులుతారు. వేయకపోతే సమాజం మూతపడుతుంది. మధ్యలో ఉన్న ఖాళీని ఎవరో ఒకరు నింపాలి. రాజు, ప్రభుత్వం, దాత, లేకపోతే నటుడి కడుపు. మన దగ్గర ఎక్కువకాలం ఆ ఖాళీని నింపింది నటుడి కడుపే.

దాత డబ్బుతో పాటు దాత అభిప్రాయమూ వస్తుంది. దాన్ని దాచకూడదు. 2017 వేసవిలో అదే డెలకోర్ట్ వేదిక మీద 'జూలియస్ సీజర్' ఆడారు. అందులో సీజర్ వేషం అప్పటి అధ్యక్షుడు ట్రంప్‌ను పోలి ఉందని గగ్గోలు లేచింది. డెల్టా విమానయాన సంస్థ తన సాయం ఆపేసింది, బ్యాంక్ ఆఫ్ అమెరికా ఆ ప్రదర్శనకు మద్దతు వెనక్కి తీసుకుంది. పబ్లిక్ థియేటర్ మాత్రం నాటకాన్ని ఆపలేదు. ఆపకుండా ఉండగలిగిందంటే, దానికి ఆధారం ఒకరిద్దరు కాదు కనుక. చిన్నా పెద్దా వందలమంది ఇచ్చేవాళ్లు ఉన్నప్పుడు ఇద్దరు లేచి వెళ్లినా ఇల్లు కూలదు. నాటకం ఆడేవాళ్లు ఈ సంగతి గోడ మీద రాసి పెట్టుకోవాలి.

మన వేదిక మీద చదివింపులు

నిండు సభలో పేరూ మొత్తం చెప్పి విరాళం ఇవ్వడం మనకు కొత్తేం కాదు. కోస్తా పల్లెల్లో తెల్లవార్లూ పద్యనాటకం ఆడుతున్నప్పుడు వారణాసి సీనులో హరిశ్చంద్రుడు ఒక పద్యం ఎత్తుకుని రాగం తీస్తే, 'వన్స్ మోర్' కేకల మధ్య ఎవరో లేచి వేదిక దగ్గరికి వెళ్లేవారు. ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానావారు హరిశ్చంద్ర పాత్రధారికి నూట పదహార్లు అని మైకులో వినపడేది. ఆ వెంటనే పక్క ఊరివాళ్లు ఐదు వందల పదహార్లు. నాటకం ఆగేది, మళ్లీ సాగేది. ఇచ్చేవాడి పేరు పదిమందిలో వినపడాలి, తీసుకునేవాడి ప్రతిభ పదిమంది ముందు రుజువవ్వాలి. ఆ రెండూ అక్కడ ఒకే క్షణంలో జరిగిపోయేవి. కానీ ఆ డబ్బు వెళ్లేది నటుడి జేబులోకి. నటుడి కష్టానికి అది న్యాయమే. వెనక హార్మోనియం వాయించినవాడికి, తెర లాగినవాడికి, రేపు కొత్త నాటకం కట్టాల్సిన సమాజానికి అందులో వాటా ఉండేది కాదు. కాంట్రాక్టు నాటకాల కాలం వచ్చాక ఇది మరీ ముదిరింది. పేరున్న నటులను తలా ఒక చోటి నుంచి పిలిపించి ఒక్క రాత్రికి ఒకచోట చేర్చేవారు. నటులు మిగిలారు, సమాజాలు పోయాయి.

అంతకు ముందు జమీందార్ల కాలం. కృష్ణా జిల్లా మైలవరం రాజా తన సొంత డబ్బుతో బాలభారతీ నాటక సమాజాన్ని నడిపాడు. యడవల్లి సూర్యనారాయణ లాంటి మహానటుడు ఆ నీడలో వెలిగాడు. ఖరీదైన తెరలు, దుస్తులు, బెజవాడలో నాటకశాల. ఒక్క మనిషి సరదా మీద నిలబడిన వైభవం ఎన్నాళ్లుంటుంది? కొద్ది ఏళ్లే సాగింది. దాన్ని చూసిన తరం మాత్రం జీవితాంతం దాని గురించే మాట్లాడుకుంది.

అదే కాలంలో బళ్లారిలో ఇంకో దారి కనిపించింది. బళ్లారి రాఘవ వృత్తికి వకీలు. కోర్టులో సంపాదించాడు, రంగస్థలం మీద ఖర్చు పెట్టాడు. నటనకు డబ్బు తీసుకోని మనిషి. ఆయన ఆడిన నాటకాల వసూళ్లు మంచి పనులకు విరాళాలుగా వెళ్లేవి. నటుడూ దాతా ఒకే మనిషైన అరుదైన సందర్భం అది. నాకు రాఘవ అంటే ఎనలేని గౌరవం. అయినా ఒక మాట అనక తప్పదు. గొప్ప నటుడు ఉచితంగా నటించాడు కాబట్టి నాటకం ఉచితంగా జరిగే పని అన్న అభిప్రాయం మన సమాజంలో పాతుకుపోయింది. వకాల్తా లేని నటుడు ఏం తిని బతకాలన్నది ఎవరూ అడగలేదు.

స్త్రీ పాత్రలకు పెట్టింది పేరైన స్థానం నరసింహారావుకు రంగూన్‌లో బంగారు కిరీటం పెట్టారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. తెనాలిలో, గుంటూరులో, రాజమహేంద్రవరంలో ఎందరు నటులకు గండపెండేరాలు తొడిగారో, ఎన్ని బిరుదులిచ్చారో లెక్కలేదు. 1929లో తెనాలిలో నాటక కళాపరిషత్తు పుట్టిన దగ్గర్నుంచి ఊరూరా పరిషత్తుల పోటీలు వచ్చాయి. తల్లిదండ్రుల జ్ఞాపకార్థం షీల్డు ఇచ్చేవారు, ఉత్తమ నటికి నగదు బహుమతి పెట్టేవారు వందల మంది పుట్టుకొచ్చారు. ఇవాళ తెలుగు నాటకం కాస్తయినా ఊపిరితో ఉందంటే ఆ చిన్న ఊళ్ల దాతల చలవ. ఏ కంపెనీ పేరూ లేకుండా, ఏ పన్ను మినహాయింపూ అడగకుండా ఇచ్చినవాళ్లు వాళ్లు.

సురభి

సురభి గురించి ఆగి చెప్పుకోవాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా వనారస గోవిందరావు బృందం 'కీచకవధ' ఆడింది. తోలుబొమ్మలాడించే కుటుంబాల వారు తామే బొమ్మల స్థానంలో నిలబడ్డారు. ఆడవాళ్ల వేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో తమ ఇంటి ఆడపడుచులను వేదిక ఎక్కించారు. బిడ్డలు పెరిగి, పెళ్లిళ్లయి, ఒక్కో కుటుంబం ఒక్కో సమాజమై, ఒక దశలో ముప్పైకి పైగా సురభి బృందాలు ఆంధ్రదేశమంతా తిరిగాయి. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినవే మిగిలాయి.

సురభి 'మాయాబజార్' చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. చూడనివాళ్లకు చెబుతాను. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళ్తాయి. బాణం బాణాన్ని గాలిలో ఢీకొని నిప్పులు రాలుస్తుంది. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. కళ్ల ముందే రాజసభ పోయి అడవి వస్తుంది. కంప్యూటర్ లేదు. సన్నటి తీగలు, కప్పీలు, చేతితో రంగులద్దిన తెరలు, చీకట్లో ఊపిరి బిగబట్టి తాడు పట్టుకున్న మనిషి. ఆ తాడు పట్టుకున్నవాడే తర్వాతి రంగంలో అభిమన్యుడిగా వస్తాడు. వాళ్లమ్మ దుస్తులు కుడుతుంది, బాబాయి తెరలు గీస్తాడు, మేనత్త హార్మోనియం పక్కన కూర్చుని ప్రాంప్టింగ్ చెబుతుంది. రేకుల హాలు వేసి ఒక ఊళ్లో నెలల తరబడి ఆడిన రోజుల్లో ఆ కుటుంబాల పిల్లలు మేకప్ గదుల్లోనే పుట్టి, మేకప్ గదుల్లోనే నిద్రపోయి, నడక రాగానే బాలకృష్ణుడి వేషంతో వేదిక మీదికి వచ్చారు.

శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి పేరుతో 1937 నుంచి నడుస్తున్న సురభి బృందాన్ని దశాబ్దాల పాటు మోసినవాడు రేకందార్ నాగేశ్వరరావు. అందరికీ సురభి బాబ్జీ. ఆయన హయాంలో ఆ బృందం హైదరాబాదులో నిలదొక్కుకుంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళాతోరణంలో ప్రదర్శనలిచ్చింది. దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వాళ్లతో కొత్త నాటకాలు చేయించాడు. ఫ్రాన్స్‌లో తెలుగు నాటకం ఆడి వచ్చారు. 2013లో బాబ్జీకి పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు. ఎన్ని సన్మానాలు జరిగాయో గోడల మీది ఫొటోలు చెబుతాయి. శాలువాలు కప్పారు, పూలదండలు వేశారు, జ్ఞాపికలు ఇచ్చారు. చేయవలసిన గౌరవమే, చేసినవాళ్లకు నమస్కారం. అయితే శాలువా కప్పిన మర్నాడు ఆ బృందం దగ్గర ఏముంటుంది? చిరిగిన తెర తిరిగి గీయించడానికి డబ్బుండదు. తీగ మార్చాలి, లైట్లు మార్చాలి, సామాను మోసే లారీకి కిరాయి కట్టాలి. మూడు నెలలు ప్రదర్శన లేకపోతే కుర్రవాడు వేరే ఉద్యోగానికి పోతాడు. గాలిలో బాణాలు ఢీకొట్టించే విద్య పుస్తకంలో లేదు, ఆ కుర్రవాడి చేతుల్లోనే ఉంది. వాడు పోతే విద్యా పోయినట్టే.

మన సన్మానానికీ అమెరికావాళ్ల గాలాకూ ఉన్న తేడా ఇక్కడే ఉంది. మన సన్మానం ఖర్చు. హాలు అద్దె, ఫ్లెక్సీలు, శాలువాలు, దండలు, ముఖ్య అతిథి రాకపోకలు, భోజనాలు. అన్నీ పోగా నాటక సమాజానికి ఆ సాయంత్రం మిగిలేది అలసట. ఉపన్యాసాలు రాత్రి తొమ్మిది దాటేవరకు సాగితే, ముఖానికి రంగు వేసుకుని రెండు గంటలు కూర్చున్న నటులు సగం ఖాళీ అయిన హాలు ముందు ఆడతారు. అమెరికావాళ్ల సన్మానం రాబడి. ఆ రాత్రి గౌరవం పొందిన నటుడు, దాత ఇద్దరూ తమ గౌరవాన్ని సమాజానికి పెట్టుబడిగా ఇచ్చి వెళ్తారు.

జోలె పట్టిన చేతులు

నటుడు చేయి చాస్తే జనం కాదనరని మన దేశంలో పదే పదే రుజువైంది. పృథ్వీరాజ్ కపూర్ 1944లో పృథ్వీ థియేటర్స్ పెట్టి పదహారేళ్లు దేశమంతా తిరిగాడు. నాటకం అయిపోగానే గుమ్మం దగ్గర జోలె పట్టుకుని తల వంచి నిలబడేవాడు. హిందీ సినిమాలో అంతటి హీరో, ఎదురుగా వచ్చేవాడి ముఖం కూడా చూడకుండా నిలబడితే, చేతిలో ఉన్నది వేయకుండా ఎవరు వెళ్తారు? ఆయన కొడుకు శశి కపూర్, కోడలు జెన్నిఫర్ 1978లో ముంబయి జుహూలో పృథ్వీ థియేటర్ కట్టారు. సినిమాల్లో సంపాదించి నాటకానికి గూడు కట్టిన కుటుంబం అది.

తెలుగు నటులూ జోలె పట్టారు. 1952లో రాయలసీమ కరువుకు ఎన్టీఆర్ తోటి కళాకారులతో ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ వీధుల్లోకి వచ్చారు. జనం తమ దగ్గరున్నది ఇచ్చారు. కరువుకు, తుపానుకు, యుద్ధానికి పట్టిన జోలె నాటకం కోసం పట్టిన సందర్భాలు మాత్రం చాలా తక్కువ. ఇవాళ తెలుగు సినిమా వందల కోట్ల వ్యాపారం. అందులో గొంతు, నడక, నిలబడే తీరు నాటకంలో నేర్చుకుని వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ పరిశ్రమకే తెలుసు. ఏడాదికొక సాయంత్రం నాటకానికి ఇస్తే చాలు. డబ్బు కూడా అక్కర్లేదు, మనిషి వస్తే డబ్బు వెంట వస్తుంది.

ఇలా దాతల డబ్బుతో నాటకానికి గూడు కట్టడం మన పక్కనే జరిగిందనడానికి బెంగళూరులోని రంగశంకర నాటకశాల సాక్ష్యం. నటుడు శంకర్ నాగ్ 1990లో ప్రమాదంలో చనిపోయాక, నాటకశాల కట్టాలన్న ఆయన కల కోసం ఆయన భార్య అరుంధతీ నాగ్ ఏళ్ల తరబడి తలుపులు తట్టారు. ప్రభుత్వం స్థలం ఇచ్చింది. కంపెనీలు, వ్యక్తులు డబ్బిచ్చారు. 2004లో తెర లేచింది. అప్పటినుంచి ఆ వేదిక మీద దాదాపు రోజూ నాటకమే. టికెట్ సామాన్యుడికి అందుబాటులో ఉంటుంది. సమయం దాటితే ఎవరినీ లోపలికి రానివ్వరు. ముఖ్య అతిథి కోసం నాటకం ఆగదు.

హైదరాబాదులో ఇంతకన్నా డబ్బుంది. విశాఖలో, విజయవాడలో, గుంటూరులో ఇచ్చే గుణం ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ డబ్బు ఏయే పనులకు వాడొచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో కళలు, సంస్కృతి, సంప్రదాయ కళల అభివృద్ధి స్పష్టంగా ఉన్నాయి. బడికీ ఆస్పత్రికీ ఇవ్వాల్సిందే. అందులో ఒక చిన్న వంతు సురభి పిల్లలకు నెలజీతంగా వెళ్తే ఏ వాటాదారూ అభ్యంతరం చెప్పడు. అమెరికాలోని తెలుగు సంఘాల మహాసభలు దాతలను, ప్రతిభావంతులను గౌరవించే విందుతో మొదలవుతాయి. ఈ పద్ధతి మనవాళ్లకు అక్కడ చేతనైన పనే. ఆ విందులో ఒక్క బల్ల వంతు తెలుగు నాటక సమాజానికి రాసిపెడితే, ఇక్కడ ఒక కొత్త నాటకానికి తెరలు సిద్ధమవుతాయి.

సమాజాలు కూడా కొన్ని నియమాలు పెట్టుకోవాలి. ముందు నాటకం, ఆ తర్వాతే సన్మానం. నటుడితో పాటు దాతనూ పిలవాలి, పది వేలు ఇచ్చినవాడి పేరూ పది లక్షలిచ్చినవాడి పేరూ ఒకే పుస్తకంలో అచ్చు వేయాలి. ఏ నాటకం ఆడాలన్నది, ఎవరు ఏ వేషం కట్టాలన్నది దాత చేతిలో ఉండకూడదు. వినోదినికి జరిగిన అన్యాయం ఇంకో నటికి జరగకూడదు. సొమ్ముకు లెక్క వచ్చే ఏడాది అదే వేదిక మీద చదివి వినిపించాలి. తెరలకెంత, జీతాలకెంత, మంచాన పడ్డ పాత నటుడి మందులకెంత అన్నది రూపాయితో సహా చెప్పాలి. లెక్క చెప్పిన చేతికి రెండోసారి ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు.

చదువుతున్న మీలో ఎక్కువమంది బల్లలు కొనేవాళ్లు కాదు. నేనూ కాదు. అందుకే అడుగుతున్నాను. మీ ఊరి పరిషత్తులో, రవీంద్రభారతిలో, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఈ నెల నాటకం ఎప్పుడుందో కనుక్కోండి. ఉచిత పాస్ వద్దనండి, టికెట్ కొనండి. ఇంట్లో పెళ్లిరోజుకో పెద్దవాళ్ల తద్దినానికో ఖర్చుపెట్టే దాంట్లో కొంత ఒక నాటక సమాజం ఖాతాలో వేసి రసీదు తీసుకోండి. ఈసారి ఏ నటుడికైనా సన్మానం చేయాలనుకుంటే శాలువా ఒకటి చాలు, మిగతా డబ్బు ఆయన సమాజానికి చెక్కు రాసి ఆ వేదిక మీదే ఇవ్వండి.